అమెరికాలో ఒక ఇరుసు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో వర్క్‌షాపు విభాగానికి చెందిన విశ్రాంత సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చిన సభ్యులు తమ అనుభవాలు చెప్పాలని కార్యదర్శిగారి ఆజ్ఞ. నాకు ముందు మాట్లాడినవారు నయాగరా గురించి, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి ఆలయం గురించి చక్కగా చెప్పారు. అవి నేనూ చూశాను. కానీ 2023లో అక్కడున్న ఆరు నెలల్లో నేను ఎక్కువసేపు చూసింది ఒక పాత కారు అడుగుభాగం. ముప్పై మూడేళ్ళు బస్సుల కింద పడుకున్నవాణ్ణి, వేరే సంగతి మాట్లాడటం నాకు చేతకాదు. ఆడవారు విసుక్కోకుండా వినాలని ప్రార్థన. ఈ కథలో తీర్పులు చెప్పింది ఒక ఆవిడే.

మా రెండోవాడు మిషిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్‌కు ముప్పావుగంట దూరంలో ఉంటాడు. మే నెలలో వెళ్ళాం. వారం రోజులకే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పొద్దున కొడుకూ కోడలూ ఎవరి గదిలోకి వాళ్ళు పోయి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మా ఆవిడకు వంటిల్లు ఉంది. నాకేముంది? వీధి చివరిదాకా నడిచి వెనక్కి రావడం. అలా నడుస్తుంటే ఒకరోజు మూడో ఇంటి గ్యారేజీ తలుపు తెరిచి ఉంది. లోపల స్టాండ్ల మీద లేపిన కారు. వెనక చక్రాలు లేవు. దాని కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు చూడగానే నాకు మన డిపోకు వచ్చినట్టే అనిపించింది.

ఆ కాళ్ళవారికి నాకంటే రెండేళ్ళు ఎక్కువ, డెబ్భయి నాలుగు. అక్కడి ఒక కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నా ఇంగ్లీషు వర్క్‌షాపు ఇంగ్లీషు, ఆయనదీ అంతే. బేరింగు, సీలు, గాస్కెట్, టార్క్ అనే మాటలకు భాషాభేదం ఏముంది? మిగతాది సాయంత్రం మావాడు వచ్చి తర్జుమా చేసేవాడు.

ఆ కారు 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్. దాని చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనం ముందుకు తెచ్చారు. మొదటి ధర 2,368 డాలర్లు. 1966 మార్చి నాటికే పది లక్షల కార్లు తయారయ్యాయంటే దాని మీద మోజు ఎంతటిదో ఊహించుకోండి. అదే 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యతరహా కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజను పెట్టి జి.టి.ఓ. అని అమ్మింది. మామూలు ఒంట్లో పహిల్వాను గుండె. అలాంటివాటిని అక్కడ 'మజిల్ కార్లు' అంటారు, కండలు తిరిగిన కార్లని. మస్టాంగును పోనీ కారు అనాలి తప్ప మజిల్ కారు అనకూడదని పట్టుబట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మన దగ్గర ఏది అసలు ఆవకాయ అనే వాదన లాంటిదే అది, తేలదు. ఇంజను పెంచి కండలు పెడితే మజిల్ కారే అని ఆయన అన్నాడు. ఆయన కారు, ఆయన ఇష్టం.

కాదు, పొరపాటు చెప్పాను. ఆయన కారు కాదు. ఆ ఇంటావిడ కారు. పెళ్ళికి ముందు ఆవిడ స్కూలు టీచరుగా చేరిన కొత్తలో, తన జీతం డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నది. పిల్లలు పుట్టాక గ్యారేజీలో పెట్టేశారు. ఆయన రిటైరయ్యాక పాత 289 ఇంజను తీసి, దాని అంశతోనే పెంచిన 347 ఘనపు అంగుళాల ఇంజను పెట్టాడు. బలం రెట్టింపు దాకా వచ్చింది. అయితే ఆ బలాన్ని నేల మీదికి దించాల్సింది వెనక ఇరుసు. మస్టాంగు పైకి కులాసాగా కనిపించినా, అడుగున ఫాల్కన్ అనే చవక కారు ఎముకలే. దాని ఎనిమిదంగుళాల క్రౌన్ వీలు, 28 పళ్ళ యాక్సిల్ షాఫ్టు పాత ఇంజనుకు సరిపోయేవి. కొత్త ఇంజను రెండుసార్లు గట్టిగా లాగేసరికి పళ్ళు అరిగి చప్పుడు మొదలైంది.

దానికి అక్కడివాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం చాలా బాగుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే జీపు తరహా బండి ఉంది. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ల వెనక ఇరుసు గట్టిది. క్రౌన్ వీలు 8.8 అంగుళాలు, షాఫ్టుకు 31 పళ్ళు, పైగా వెనక కూడా డిస్క్ బ్రేకులు. చక్రం బోల్టుల కొలత రెండు బళ్ళకూ ఒకటే, నాలుగున్నర అంగుళాల వలయం మీద ఐదు బోల్టులు. అవి జంక్ యార్డుల్లో పడి ఉంటాయి. మన పనిముట్లు మనం పట్టుకుపోయి, మనమే విప్పుకుని, గేటు దగ్గర డబ్బు కట్టి తెచ్చుకోవడమే. మేమూ వెళ్ళాం. చలికాలంలో అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కనుక బోల్టులన్నీ తుప్పుతో కరుచుకుని ఉన్నాయి. ఇద్దరు ముసలివాళ్ళం ఒక పూటంతా గొట్టం తొడిగిన స్పానరు మీద వేలాడితే ఇరుసు ఊడింది. పళ్ళ నిష్పత్తి తెలుసుకోవడానికి తలుపు అంచున స్టిక్కరు మీద కోడ్ ఉంటుంది. నేను మాత్రం నా పద్ధతిలో రెండు షాఫ్టులనూ కలిపి ఒక చుట్టు తిప్పి పినియన్ చుట్లు లెక్కపెట్టాను. మూడు ముప్పావు కంటే ఒక పిసరు తక్కువ. స్టిక్కరు మీది 3.73 సరిపోయింది. ఆయన నా వీపు తట్టాడు.

ఇక అసలు చిక్కు వెడల్పు. 1966 మస్టాంగు ఇరుసు ఇటు చక్రం ఆనే ముఖం నుంచి అటు ముఖానికి 57.25 అంగుళాలు. మేము తెచ్చిన ఎక్స్‌ప్లోరర్ ఇరుసు మా టేపుకు 59.5 వచ్చింది. రెండుంపావు అంగుళాలు ఎక్కువ. పక్కకు ఒకటీ ఒకటింట ఎనిమిదో వంతు. ఇదేం తేడా అనుకోకండి. టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య ఉండే సందే అంత ఉండదు. ఇదే కారు 1967 మోడల్ అయితే గొడవే లేదు. కంపెనీవారే కారును వెడల్పు చేసి ఇరుసును 59.25కు పెంచారు. 1971లో ఇంకో రెండంగుళాలు పెంచారు. మన చేతిలో ఉన్నది 1966.

దీనికి మూడు దారులు చెప్పారు ఆయన స్నేహితులు. శనివారం శనివారం గ్యారేజీ ముందు మడత కుర్చీలు వేసుకుని కూర్చునే రిటైర్డు బ్యాచి ఒకటుంది. అచ్చం మన సంఘం ఆఫీసే, టీ బదులు బీరు.

ఒక దారి, మడ్‌గార్డు లోపలి అంచును సుత్తితో పైకి మడిచేయడం. అందరూ చేసేదే అది. ఈ మాట వంటింటి కిటికీలోంచి ఆ ఇంటావిడకు వినపడింది. బయటికి వచ్చి, 'ఇంజను మార్చావు, నేను ఏమీ అనలేదు. అడుగున ఏమైనా చేసుకో. నా కారు రేకు మీద సుత్తి పడితే ఊరుకోను' అంది. మావాడు అది తర్జుమా చెయ్యకముందే నాకు అర్థమైంది. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండోది, ఇరుసునే పొట్టి చెయ్యడం. ఎక్స్‌ప్లోరర్ ఇరుసులో ఒక షాఫ్టు పొడుగు, ఒకటి పొట్టి. తేడా దాదాపు మూడంగుళాలు. పొడుగు వైపు గొట్టాన్ని ఆ మేరకు కోసి మళ్ళీ వెల్డింగు చేసి, రెండు పక్కలా పొట్టి షాఫ్టే వేస్తారు. తెలివైన పద్ధతి. కాని కోసిన గొట్టం మళ్ళీ వెంట్రుకవాసి వంకర లేకుండా అతకాలంటే జిగ్గు కావాలి. మన సెంట్రల్ వర్క్‌షాపులో అయితే నేనే చేసేవాణ్ణి. ఇంటి గ్యారేజీలో ఇటుకల మీద పెట్టి చేసే పని కాదని నేను గట్టిగా చెప్పాను.

మూడోది మేము ఎంచుకున్నది. ఇరుసు వెడల్పు ఇరుసుకే ఉంచి, చక్రాన్ని లోతుగా తీసుకోవడం. ఇది కొంచెం వివరిస్తాను. చక్రం రిమ్మును నేల మీద బోర్లా పెట్టండి, లోపలి వైపు పైకి ఉండేలా. అంచుల మీద ఒక బద్ద అడ్డంగా పెట్టి, బద్ద నుంచి బోల్టులు పట్టే ముఖం దాకా కొలవండి. ఆ కొలతను వాళ్ళు బ్యాక్ స్పేసింగ్ అంటారు. పాత ఇరుసుతో ఆ కారుకు ఏడంగుళాల రిమ్ము వేస్తే నాలుగుంపావు లోతు సరిపోయేది. ఇరుసు పక్కకు 1.125 పెరిగింది కనుక లోతు కూడా అంతే పెరగాలి. అంటే 5.375 అంగుళాలు. అప్పుడు టైరు పాత చోటే ఉంటుంది. అలాంటి రిమ్ములు ఆర్డరు మీద చేసి ఇచ్చేవాళ్ళు అక్కడ ఉన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి, నా మనవడు అడిగాడు కూడా. చక్రం పాత చోటే ఉంటే వెడల్పు ఇరుసు వల్ల లాభమేమిటని. వెడల్పు మేము కోరింది కాదు. బలమూ డిస్క్ బ్రేకులూ కావాలి, వాటితోపాటు వెడల్పు వచ్చింది. కానీ ఇందులో మన వృత్తివాళ్ళకు తెలిసిన మర్మం ఒకటుంది. మన బస్సు వెనక ఇరుసులో బరువంతా హౌసింగు మోస్తుంది. హబ్బు రెండు టేపర్ బేరింగుల మీద హౌసింగు చుట్టూ తిరుగుతుంది. షాఫ్టు పని తిప్పడమే. అందుకే షాఫ్టు లాగేసినా బస్సు చక్రాల మీదే నిలబడుతుంది. ఇలాంటి కార్లలో అలా కాదు. షాఫ్టే తిప్పాలి, షాఫ్టే బరువు మొయ్యాలి. కనుక టైరు నడుమ గీత బేరింగుకు ఎంత దూరమైతే షాఫ్టు మీద అంత వంపు పడుతుంది. సన్న ఇరుసుకు స్పేసర్లు తొడిగి చక్రాన్ని బయటికి నెట్టేవాళ్ళు చేసే తప్పు ఇదే. చూడటానికి వెడల్పే, కానీ బేరింగు లోపలే ఉండిపోయింది. అదే వెడల్పు హౌసింగులో ఉంటే బేరింగు కూడా బయటికి వస్తుంది. దాని మీద లోతైన చక్రం వేస్తే టైరు నడుమ దాదాపు బేరింగు మీదికే వస్తుంది. కావడి మోసేవాడు బరువు భుజానికి దగ్గరగా పెట్టుకుంటాడా, బద్ద చివరన వేలాడదీస్తాడా?

మన ఊళ్ళల్లో కుర్రాళ్ళు జీపులకు ఈ స్పేసర్ల సరదా పట్టి తిరుగుతున్నారు కనుక ఒక్క మాట. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది. నేను చెప్పేది అమెరికా గ్యారేజీలో జరిగిన సంగతి. ఇంటికి వెళ్ళి మనవడికి ఉత్సాహం ఎక్కించవద్దు.

సరే. ఇరుసుకు పాత కమాను సీట్లు గ్రైండరుతో కోసేశాం. కొత్త సీట్లు వెల్డింగు చెయ్యాలి. మస్టాంగులో రెండు కమాను కట్టల మధ్య దూరం 43 అంగుళాలు. ఇక్కడ నా పరువు పోయింది. ఎక్స్‌ప్లోరర్ ఇరుసులో డిఫరెన్షియల్ గుండు నట్టనడుమ ఉండదు. షాఫ్టుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అన్నాను కదా. పినియన్ నుంచి డ్రైవరు వైపు అంగుళంన్నర జరిపితే నడిమధ్య వస్తుంది, అక్కణ్ణుంచి కొలువు అన్నాడు ఆయన. కొలిచాను. చుక్కలు పెట్టాను. ఆయన చుక్క వెల్డింగు వేశాడు. కారు కిందికి దూర్చి, మా మనవణ్ణి పిలిచి దూరం నుంచి చూడమన్నాం. 'తాతా, ఒక చక్రం వీధిలోకి వచ్చేసింది' అన్నాడు వాడు.

ఎడమ పక్క మూడంగుళాలు బయట, కుడి పక్క మూడంగుళాలు లోపల. ఎందుకో మీలో డ్రైవరు విభాగం వారికి ఈపాటికి తట్టి ఉండాలి. ముప్పై మూడేళ్ళు నాకు డ్రైవరు వైపు అంటే కుడివైపు. వాళ్ళకు ఎడమవైపు! ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ వారం మడత కుర్చీల సభలో నేనే ఫలహారం.

దాంతో పినియన్ను వదిలేశాను. ముఖం నుంచి ముఖానికి 59.5, అందులో 43 తీసేస్తే మిగిలేది పదహారున్నర, సగం 8.25. ప్రతి చివర నుంచి కమాను సీటు మధ్యకు 8.25 అంగుళాలు. గుండు ఎటుంటే ఏం? మొదటే ఇలా చేస్తే పోయేది. ఈసారి తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారం ఒకటి చేసి, రెండు మడ్‌గార్డుల అంచుల నుంచీ వేలాడదీశాం. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ కారు రెండు పక్కలూ సమానం కాదు. ఎడమ సందు కుడి సందు కంటే పావంగుళం తక్కువ. అరవై ఏళ్ళ కిందటి రేకు పని కదా, మన పాత బస్సుల బాడీలు ఎంత చక్కగా ఉండేవో మనకు తెలుసు. రేకును చూసి ఇరుసును జరుపుదామన్నాడు ఆయన. ఇరుసు ముందు చక్రాల వెంట నడవాలి గాని మడ్‌గార్డు వెంట కాదన్నాను. ఇరుసును చాసిస్‌కు మధ్యగా ఉంచి, తక్కువ సందు ఉన్న ఎడమ పక్కనే లెక్కలోకి తీసుకుని రిమ్ములు ఆర్డరు ఇచ్చాం.

పినియన్ వంపు, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు తగ్గించడం, బ్యాలెన్సింగు, వెనక బ్రేకులు ముందే పట్టకుండా ఒత్తిడి సర్దే వాల్వు, వీటితో జూలై గడిచింది. అవి చెబితే అధ్యక్షులవారు గంట కొడతారు. కారు బరువు చక్రాల మీద ఉండగానే పినియన్ వంపు చూసి సీట్లు పూర్తిగా వెల్డింగు చేశామని, ఒకేచోట వేడి తగలకుండా కొంచెం ఇటూ కొంచెం అటూ వేశామని మాత్రం చెప్పి వదిలేస్తాను.

తొందర దేనికంటే, ఆగస్టు మూడో శనివారం డిట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అంటారు. ఫెర్న్‌డేల్ అనే ఊళ్ళో పిల్లల ఫుట్‌బాల్ మైదానానికి చందా కోసం 1995లో మొదలుపెట్టారట, ఇప్పుడు పాంటియాక్ దాకా మైళ్ళకొద్దీ కార్లే. 1960లలో కుర్రకారు రాత్రిపూట పందేలు వేసుకున్న రోడ్డు అదే. 2023లో ఆ రోజు ఆగస్టు 19. ఆ ఇంటావిడ తన కారులో ఆ రోడ్డు మీద పోయి నలభై ఏళ్ళు దాటింది. స్నేహితులకు ఫోన్లు కూడా చేసి చెప్పుకుంది.

రిమ్ములు బుధవారం వచ్చాయి. శుక్రవారం సాయంత్రం మొదటిసారి బయటికి తీశాం. టైరు ఎక్కడా తగల్లేదు. కానీ ఎడమ వెనక నుంచి సన్నగా ఒక మూలుగు. మిగతావాళ్ళకు వినపడలేదు. నాకు వినపడింది.

ఇక్కడ ఇన్నాళ్ళూ ఈ సభలో చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. 1987లో మన డిపో బస్సు ఒకటి పల్లె రూటులో పోతుండగా వెనక ఎడమ చక్రాలు హబ్బుతో సహా ఊడిపోయాయి. బస్సు పొలంలోకి ఒరిగింది. ప్రాణాలు పోలేదు గాని కండక్టరు చెయ్యి మూడుచోట్ల విరిగింది. తరవాత అతను టిక్కెట్లు కొట్టలేక ఆఫీసు పనికి మారాడు. హబ్బు నట్టు వదులు కాకుండా లాక్ వాషరు రేకు మడవాలి. మడవలేదు. మడిచింది చూశానని చెక్ షీటు మీద సంతకం పెట్టింది నేను. కుడి పక్కది కళ్ళారా చూశాను. ఎడమది మా వాళ్ళు చేశారు కదా అనుకున్నాను. నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. అంతకు మించి ఏమీ కాలేదు.

ఆ గ్యారేజీలో కూడా అదే చేశాను. ఈ ఇరుసులో బేరింగు రోలర్లు నేరుగా షాఫ్టు మీదే తిరుగుతాయి, లోపలి రింగు ఉండదు. కనుక కొత్త బేరింగు వేస్తే చాలదు, షాఫ్టు ఒంటిని గోరుతో తడిమి చూడాలి. కుడి షాఫ్టు నేను తడిమాను, అద్దంలా ఉంది. ఎడమది ఆయన తుడిచి ఇచ్చాడు, తీసుకుని తోసేశాను. డెబ్భై రెండేళ్ళ వయసులో, మళ్ళీ ఎడమదే.

రాత్రి ఎనిమిది గంటలకు వెనక మూత విప్పి, ఆయిలు దింపి, నడిమి పిన్ను తీసి, షాఫ్టును లోపలికి నెట్టి క్లిప్పు రాల్చి, షాఫ్టు బయటికి లాగాం. బేరింగు తిరిగేచోట చుట్టూ గుంటలు, మశూచి మచ్చల్లా. సీలు అప్పుడే చెమ్మగిల్లింది. ఆయన స్పేర్ల దుకాణానికి ఫోను చేశాడు. సోమవారానికి వస్తుందన్నారు.

మడత కుర్చీల మిత్రులు వచ్చారు. 'రేపు పోయేది నడక వేగమే. ఇదే వేసి పోనివ్వండి, సోమవారం మార్చుకోవచ్చు' అన్నారు. వాళ్ళ మాటలో అబద్ధం లేదు. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదు. ఆయన నా వైపు చూశాడు. నేను మావాణ్ణి పిలిచి, 1987 సంగతి మొత్తం తర్జుమా చెయ్యమన్నాను. వాడు తెల్లబోయాడు. మా ఇంట్లో ఆ సంగతి పిల్లలకు తెలియదు. కండక్టరు చెయ్యి దగ్గరికి వచ్చేసరికి వాడికి ఇంగ్లీషు మాట తడుముకోవాల్సి వచ్చింది. ఈ ఇరుసులో షాఫ్టును పట్టి ఉంచేది లోపలున్న ఆ చిన్న క్లిప్పేనని, గుంటలు పడ్డచోట షాఫ్టు విరిగితే చక్రాన్ని పట్టే నట్టు బయట ఏదీ లేదని కూడా చెప్పించాను. తప్పు ఆయనది కాదు, చూడవలసింది నేనని చెప్పించాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. 'కుర్చీలు కారులో పెట్టండి. ఆ మామూలు కారులో' అంది.

శనివారం వుడ్‌వర్డ్ పక్కన గడ్డి మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర కట్టింది. రోడ్డు మీద ఎర్రవి, పచ్చవి, నీలివి వేలకొద్దీ పోతున్నాయి. మస్టాంగు కనపడ్డప్పుడల్లా ఆయన వెనక చక్రం కేసి చూసి, 'స్పేసరు' అనో 'మడిచారు' అనో గొణిగేవాడు. ఆవిడ మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకుంది. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు.

సోమవారం షాఫ్టు వచ్చింది. ఈసారి రెండు చివరలా నేనే తడిమాను. తరవాత ఆయన్నీ తడమమన్నాను. మంగళవారం రాత్రి బిగించాం. బుధవారం సాయంత్రం నలుగురం ఎక్కాం. ఎక్కేముందు ఆవిడ వంగి, ఎడమ వెనక టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య వేలు పెట్టి చూసింది. వేలు పట్టింది. అంచు మీద చెయ్యి ఒకసారి పొడుగునా రాసి, తాళం చేతులు భర్త చేతిలోంచి తీసుకుంది.

వుడ్‌వర్డ్ మీద జాతర అయిపోయింది, ఆఫీసుల నుంచి ఇళ్ళకు పోయే మామూలు బళ్ళే. ఎర్రదీపం దగ్గర ఆగి, పచ్చదీపం రాగానే ఆవిడ కాలు అదిమింది. మా ఆవిడ 'వెంకటేశా' అని గట్టిగా అంది. వెనక నుంచి మూలుగు లేదు.